సా ఎంతసేపు?

పాటను కాగితం మీద పెట్టాలనుకున్న ప్రతివాళ్ళూ ముందు ఒక సంగతి తేల్చుకోవలసి వచ్చింది: ఏది రాయాలి, ఏది గొంతుకు వదిలేయాలి? పాటనంతా రాయడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. కొందరు స్వరం ఎంత ఎత్తులో ఉందో రాశారు, కొందరు ఎంతసేపు నిలవాలో రాశారు. మాటలు మాత్రం చెక్కి, పైన రాగం పేరు పెట్టి ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు. సంగీతలిపి చేతికొచ్చే కొద్దీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ వదిలేసిన భాగమే. గుర్తులు కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. రాసినవాళ్ళు దేన్ని నమ్మి ఏది వదిలేశారో తెలియడానికే సమయం పడుతుంది.

మా ఊరు హెర్న్‌డన్. వర్జీనియాలో డల్లస్ విమానాశ్రయం పక్కన ఉంటుంది. 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైన్ ఇక్కడిదాకా వచ్చింది. ఒకప్పుడు రైలు నడిచిన దారి ఇప్పుడు నడకదారి, పాత రైలు స్టేషను చిన్న మ్యూజియం. వేసవి శుక్రవారాల్లో ఊరి మధ్య పచ్చికలో పాటకచేరీలు పెడతారు. చుట్టుపక్కల ఆష్‌బర్న్, చాంటిలీ, స్టెర్లింగ్ అంతటా తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్ళ పిల్లలకు బడి రోజుల్లో బ్యాండు, వారాంతంలో కర్ణాటక సంగీతం. మా అమ్మాయి బడిలో క్లారినెట్ వాయిస్తుంది, శనివారం పాట నేర్చుకుంటుంది. మా ఇంట్లో ఒకే స్టాండు మీద రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకదాని నిండా ఐదేసి గీతలు, మరొకదాని నిండా అక్షరాలు. రెండింటినీ దానితోపాటు కూర్చుని చదవడం వల్లే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

ముందు ఐదు గీతల సంగతి. గీతలు ఐదు, వాటి మధ్య ఖాళీలు నాలుగు. చుక్క పైకి వెళ్ళేకొద్దీ స్వరం హెచ్చుతుంది, కిందికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. మొదట్లో మెలితిరిగి ఉండే పెద్ద గుర్తును ట్రెబుల్ క్లెఫ్ అంటారు. దాని మెలిక కింది నుంచి రెండో గీతను చుట్టుకుంటుంది, ఆ గీత ‘జి’ అని చెప్పడమే దాని పని. ఒక్క గీత పేరు తెలిస్తే మిగతావి లెక్కపెట్టుకోవచ్చు. అయినా పిల్లలు ‘ఎవ్రీ గుడ్ బాయ్ డజ్ ఫైన్’ అని గీతల పేర్లు గుర్తుపెట్టుకుంటారు, ఛందస్సు చదివే పిల్లలు ‘యమాతారాజభానసలగం’ అని గణాలను పట్టుకున్నట్టే. చుక్క ఆకారం కాలాన్ని చెబుతుంది. కాడ లేని బోలు చుక్కకు నాలుగు దెబ్బలు, కాడ ఉన్న బోలు చుక్కకు రెండు, కాడతో నిండు చుక్కకు ఒకటి, కాడకు జెండా తగిలిస్తే సగం. ఇది ఫోర్ ఫోర్ తాళంలో లెక్క. పంక్తి మొదట్లో ఒకదాని మీద ఒకటిగా వేసే రెండు అంకెల్లో పైది ఒక్కో గడిలో ఎన్ని దెబ్బలో చెబుతుంది, కిందిది ఏ రకం చుక్కను ఒక దెబ్బగా లెక్కించాలో చెబుతుంది. షార్ప్ గుర్తు స్వరాన్ని అర మెట్టు పెంచుతుంది, ఫ్లాట్ అర మెట్టు దించుతుంది. మెల్లగా, గట్టిగా, వడిగా అని చెప్పడానికి పియానో, ఫోర్టే, అల్లెగ్రో లాంటి ఇటాలియన్ మాటలు వాడతారు. బడి బ్యాండులో కూర్చోవడానికి ఈపాటి చాలు.

ఈ గీతల వెనుక ఇటలీలోని అరెజ్జో నగరానికి చెందిన గ్విడో అనే సన్యాసి ఉన్నాడు. అది 11వ శతాబ్దం. అంతకుముందు చర్చి పాటల మాటల మీద చిన్న చిన్న కొక్కేలు, వంకర గీతలు వేసేవారు. గొంతు పైకి పోతుందో కిందికి వస్తుందో వాటితో తెలిసేది కానీ, ఎంత పైకో తెలిసేది కాదు. పాట ముందే వచ్చినవాళ్ళకు మాత్రమే ఆ రాత ఉపయోగం. గ్విడో గీతలు గీసి, వాటిలో ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు రంగు వేశాడు. ఒక లాటిన్ స్తోత్రంలో పాదం పాదానికీ స్వరం ఒక్కో మెట్టు ఎక్కడం చూసి, ఆ పాదాల మొదటి అక్షరాలనే స్వరాల పేర్లు చేశాడు. నేటి డో రే మీకి మూలం అదే. పదేళ్ళు పట్టే చదువును ఒకటి రెండేళ్ళకు తగ్గించానని ఆయన చెప్పుకున్నాడు. గ్విడో పేరు మీద ప్రచారంలోకి వచ్చిన మరో పద్ధతిలో ఎడమచేతి వేళ్ళ కణుపులే స్వరస్థానాలు. గురువు ఏ కణుపు చూపిస్తే శిష్యులు ఆ స్వరం పాడతారు. మనకూ చేతివేళ్ళే పుస్తకం, కాకపోతే మన వేళ్ళు కాలాన్ని లెక్కపెడతాయి. ఆది తాళానికి ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది.

ఇక మన పుస్తకం. దీన్ని చదవడానికి తెలుగువాళ్ళకు కొత్త గుర్తులు దాదాపు అక్కర్లేదు. స రి గ మ ప ద ని అనే ఏడు అక్షరాలు, వాటి దీర్ఘాలు, అంతే. గీతంలో స అంటే ఒక అక్షరకాలం, సా అంటే రెండు. ఇంకా సాగాలంటే పక్కన కామా పెడితే ఒక అక్షరకాలం, సెమీకోలన్ పెడితే రెండు. పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద చుక్క ఉంటే మంద్రస్థాయి. స్వరాల మీద గీత గీస్తే వేగం రెట్టింపు, రెండు గీతలు గీస్తే అందుకు రెట్టింపు. తాళంలో ఒక అంగం పూర్తయిన చోట నిలువు గీత, ఆవర్తం పూర్తయిన చోట జంట గీతలు.

పదో తరగతిలో ఉత్పలమాల పాదానికి గురులఘువులు గుర్తించి భరనభభరవ అని గణవిభజన చేసినవాళ్ళకు ఇందులో కొత్తేముంది? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. పద్యం మీద నిలువు గీతలూ యు ఆకారాలూ వేసిన రోజునే మనం కాలాన్ని రాయడం నేర్చుకున్నాం. పద్యానికీ గీతానికీ కొలమానం ఒక్కటే. తాళంలో వచ్చే లఘువు మాత్రం వేరు. జాతిని బట్టి అది మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరకాలాలు అవుతుంది. ఛందస్సు బాగా వచ్చిన పెద్దవాళ్ళు సైతం ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు.

నేను గట్టిగా పట్టుబట్టే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఇక్కడి తరగతుల్లో మన పిల్లలకు స్వరాలు ఇంగ్లీషు అక్షరాల్లో అందుతున్నాయి. పెద్దక్షరం ఎస్ రాస్తే సా, చిన్నక్షరం రాస్తే స. దానికి కారణం ఉంది. తరగతిలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు, అందరికీ చదవవచ్చే లిపి అదొక్కటే. టీచర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఇంగ్లీషులో పెద్దక్షరం, చిన్నక్షరం మధ్య తేడా కంటికి మాత్రమే. వాటిని పలికితే తేడా వినపడదు, అందుకే ఆ నియమాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో సా అని కనబడగానే నాలుక దానంతట అదే సాగుతుంది. కాలం అక్షరంలోనే ఉంది. ఏడు హ్రస్వాలు, ఏడు దీర్ఘాలు కలిపి పద్నాలుగు రూపాలు. తెలుగు మాట్లాడుతూ చదవడం రాని పిల్లలు మన ఇళ్ళలో ఎంతోమంది. ఈ పద్నాలుగు రూపాలు వచ్చిన పాపకు తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం వచ్చేసినట్టే, ఏడు హల్లులు వచ్చేసినట్టే. వారాంతం మనబడిలో అక్షరాలు దిద్దే పిల్లలకైతే పాట పుస్తకమే రెండో వాచకం అవుతుంది. మా అమ్మాయి తెలుగులో తనంత తాను చదివిన మొదటి పంక్తి సరళీ స్వరాలే.

సరళి వరుసలను మాయామాళవగౌళలో పెట్టి నేర్పే ఏర్పాటు పురందరదాసుదని సంప్రదాయం చెబుతుంది. ఆ రాగం పేరుతోనే పరిభాష మొదలుపెట్టవచ్చు. ఏడు స్వరాల్లో స, ప కదలవు. మిగతా ఐదూ రకరకాలు. పన్నెండు స్థానాల మీద పదహారు స్వరనామాలు, వాటి కలయికలో 72 మేళకర్తలు. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో ఈ లెక్క కట్టాడు. తర్వాతివాళ్ళు రాగాల పేర్లలోనే సంఖ్యలు దాచారు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతి ప్రకారం ‘మా’ అయిదు, ‘య’ ఒకటి. తిరగవేస్తే 15, మాయామాళవగౌళ పదిహేనో మేళం. శంకరాభరణం ముందు ‘ధీర’ చేర్చింది 29 రావడానికి, కల్యాణి ముందు ‘మేచ’ చేర్చింది 65 రావడానికి. పేరు వింటే సంఖ్య తెలుస్తుంది, సంఖ్య తెలిస్తే స్వరాలు తెలుస్తాయి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు ఇది చెప్పి చూడండి, ఒక పూటంతా వదలరు.

శ్రుతి దగ్గర రెండు పుస్తకాలకూ పొసగనట్టు కనిపిస్తుంది. పాశ్చాత్య లిపిలో ‘ఎ’ అంటే సెకనుకు 440 కంపనాలని ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. మన స ఎక్కడైనా ఉండవచ్చు. ఎవరి గొంతుకు ఏది నప్పితే అదే వారి షడ్జమం. ఒకటి శ్రుతి అంటే వాళ్ళ సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, అయిదు అంటే జి. స్థిరమైన స్వరాల లోకం వాళ్ళది, కదిలే షడ్జమం మనది అని పుస్తకాల్లో చదువుతాం. క్లారినెట్ ఇంటికి వచ్చాక ఈ మాటకు ఒక సవరణ దొరికింది. కాగితం మీద సి చూసి క్లారినెట్ వాయిస్తే చెవికి వినబడేది బి ఫ్లాట్. ట్రంపెట్‌దీ అదే తీరు. బ్యాండు మాస్టారు శ్రుతి సరిచూసుకోవడానికి బి ఫ్లాట్ ఇవ్వమంటే క్లారినెట్ పిల్లలు సి వాయిస్తారు, ఆల్టో శాక్సఫోన్ పిల్లలు జి వాయిస్తారు, ఫ్లూట్ పిల్లలు బి ఫ్లాటే వాయిస్తారు. ముగ్గురి కాగితాల మీద మూడు పేర్లు, గదిలో వినబడేది ఒకే స్వరం. వాద్యం మారినా వేళ్ళ అలవాటు మారనక్కర్లేదని వాళ్ళు చేసుకున్న ఏర్పాటు ఇది. మన పద్ధతికి ఇది దూరపు చుట్టమేనని నాకనిపిస్తుంది. మా ఇంట్లో క్లారినెట్ సిని షడ్జమం అనుకుంటే శ్రుతిపెట్టెను ఆరున్నరకు పెట్టాలి. మన పెళ్ళి బ్యాండు మేళాల్లో క్లారినెట్ ఊదేవాళ్ళు ఈ లెక్కలేవీ కాగితం మీద వేయకుండానే సినిమా పాటలూ కీర్తనలూ వాయించి ఊళ్ళను ఊపేశారు. వాళ్ళను తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

రెండు పుస్తకాలూ నిజంగా కలిసే చోటు ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) చూపించారు. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఆయన కుంఫిణీ బ్యాండు వాయించే బాణీలు విన్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి పాశ్చాత్యుల వయొలిన్ నేర్చుకున్నది కూడా అక్కడే. ఆ బాణీలకు దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం కట్టారు, వాటిని నోట్టుస్వరాలంటారు. అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే నడుస్తాయి, అంటే పియానో మీద సి నుంచి తెల్ల మెట్లు. ‘సంతతం పాహిమాం’ బాణీ బ్రిటిష్ వాళ్ళ జాతీయగీతానిది. అదే బాణీకి 1831లో అమెరికాలో వేరే మాటలు కట్టారు. ‘మై కంట్రీ టిజ్ ఆఫ్ దీ’ పేరుతో అది ఇక్కడి బడుల్లోకి వచ్చింది. మా అమ్మాయికి బడి పుస్తకంలో అది మూడు దెబ్బల గడుల్లో కనిపించింది, శనివారం తరగతిలో తిశ్ర ఏకంలో వినిపించింది. క్లారినెట్ మీద చూసి వాయించింది, తర్వాత తెలుగులో స్వరం చెప్పింది. ఏ లిపిలో రాసినా పాటకు ఏ లోటూ రాలేదు. ఎందుకంటే అందులో గమకం లేదు, ప్రతి స్వరమూ తన మెట్టు మీద కదలకుండా నిలబడుతుంది.

తోడి రాగం దగ్గర ఆ వెసులుబాటు పోతుంది. పుస్తకంలో గ అని ఉంది. పాప సాధారణ గాంధారాన్ని పట్టుకుని నిలబెట్టింది. స్థానం సరిగ్గానే ఉంది కానీ తోడి లేదు.

“పుస్తకంలో గ అనే ఉంది కదా ఆంటీ?”

“అలా నిలబెట్టకూడదు తల్లీ. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊపు. ఏదీ, నాతో అను.”

టీచరుగారు అన్నారు, పాప అంది. మళ్ళీ అన్నారు, మళ్ళీ అంది. ఆ గంటలో జరిగినదాన్ని కాగితం మీద పెట్టడానికి ఒకాయన జీవితం చివరి సంవత్సరాలు ధారపోశారు. ఆయన సుబ్బరామ దీక్షితులు (1839–1906). బాలుస్వామికి దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడు. చిన్నస్వామి ముదలియారు అనే మద్రాసు పెద్దమనిషి మన కృతులను ఐదు గీతల లిపిలోకి ఎక్కించడానికి పూనుకున్నారు, 1893లో ఆ పుస్తకం వెలువడింది. కుటుంబంలో భద్రంగా ఉన్న విద్యనంతా లోకానికి ఇమ్మని సుబ్బరామ దీక్షితులను ప్రోత్సహించినవారిలో ఆయన ముఖ్యులు. ఫలితం 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. తమిళ దేశంలో, తమిళ సంస్థానంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో, తెలుగులో ఉంది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా అందులో స్వరాలతో దొరుకుతాయి.

ఆ పుటలు చూస్తే సుబ్బరామ దీక్షితుల పట్టుదల తెలుస్తుంది. స్వరాక్షరం మీద అలల గీత ఉంటే కంపితం. వాలుగీత ఉంటే జారు, పైకి జారితే ఒక వాలు, కిందికి జారితే ఎదురు వాలు. నొక్కుకు ఒక గుర్తు, స్ఫురితానికి మూడు చుక్కలు, ఒడుక్కలుకు, రవకు వేరే గుర్తులు. గ్విడో స్వరం ఎక్కడ నిలవాలో రాశాడు. సుబ్బరామ దీక్షితులు ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్ళే దారిని రాయబూనారు. ఇంత చేసినా ఆ అల ఎంత వెడల్పు, ఎన్నిసార్లు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది విన్న చెవికి వదిలేయక తప్పలేదు. పుస్తకంతో పని అయిపోదని తెలిసి కూడా అన్ని వందల పుటలు రాసిన మనిషి మీద నాకు ప్రేమ పుడుతుంది. గురువు దొరకని చోట కనీసం దారి ఉందని తెలియాలి కదా.

రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి తెలుగువాళ్ళకు తిరుమల చాలు. అన్నమాచార్యుల (1408–1503) కీర్తనలు పన్నెండు వేలకు పైగా రాగిరేకుల మీద మిగిలాయి. కుటుంబం వాళ్ళు మాటలు చెక్కించారు, ప్రతి పాట పైన రాగం పేరు చెక్కించారు. స్వరాలు చెక్కించలేదు. పాడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారని నమ్మారు కాబోలు. పాడేవాళ్ళ వరుస ఎక్కడో తెగింది. రేకులు భాండాగారంలో ఉండిపోయి 20వ శతాబ్దంలో వెలుగు చూసేసరికి సాహిత్యం ఉంది, రాగం పేరుంది, పాట లేదు. సామంతం, దేసాళం అని చదివితే ఆయన చెవిలో మోగినదేదో మనకు తెలియదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా స్వరపరచబట్టి ఈ పాటలు మన ఇళ్ళలోకి వచ్చాయి. వాళ్ళ రుణం తీర్చుకోలేం. కానీ మనం పాడుతున్నవి వాళ్ళ బాణీలు, అన్నమయ్యవి కావు. మాటల పక్కన ఒక వరుస స్వరాలు ఉండి ఉంటే, గమకాలు లేకుండానైనా సరే, ఆ పాటల అస్థిపంజరమైనా దక్కేది. త్యాగరాజస్వామి విషయంలో ఇంత నష్టం జరగలేదు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు రాసుకున్నారు, శిష్యపరంపరలు తెగకుండా పాడుతూ వచ్చాయి.

ఏటా చలికాలం చివర్లో అమెరికాలో ఊరూరా త్యాగరాజ ఆరాధనలు జరుగుతాయి. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్నదైతే పెద్ద ఉత్సవం. వాటిలో ఆయన పంచరత్న కృతులు ఐదింటినీ అందరూ కలిసి పాడతారు. తిరువయ్యారులో సైతం ఇలా గోష్ఠిగా పాడడం గత శతాబ్దంలో వచ్చిన ఆనవాయితీయే. ఒక్కరు పాడేటప్పుడు పాఠాంతరం అందం. వందమంది పాడేటప్పుడు ఒకే పాఠం కావాలి, నాట నుంచి శ్రీరాగం దాకా అందరూ ఒకే చోట ఎత్తుకోవాలి, ఒకే చోట ఆపాలి. బడి బ్యాండుకు కాగితం ఎందుకు కావాలో ఇక్కడా అందుకే కావాలి. పాశ్చాత్యులు అంత వివరంగా రాయడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటని నేననుకుంటాను. చాలామంది ఒకేసారి వేరువేరు స్వరాలు పలకాలంటే ప్రతివాడి కాలమూ కాగితం మీద ఉండితీరాలి. మన పాట ఒకే గొంతు మీద, ఒకే గురువు ఎదురుగా పెరిగింది కాబట్టి తక్కువ రాత సరిపోయింది. ఇప్పుడు మన పాటకు కూడా గుంపులు వచ్చాయి, సముద్రం అవతలి శిష్యులు వచ్చారు, తెర మీద గురువులు వచ్చారు. రాత అవసరం పెరిగింది.

రికార్డింగులుండగా రాత ఎందుకని అడిగేవాళ్ళున్నారు. రికార్డింగు ఒకరు ఒకసారి పాడిన తీరును ఇస్తుంది. అందులో పాట ఎంత, పాడినవారి మనోధర్మం ఎంత అన్నది నేర్చుకునే పిల్లకు తెలియదు. స్వరం రాసి ఉంటే ఆ రెండూ విడివడి కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన ఉండాలి, టీచరు ఎదురుగా ఉండాలి. గోష్ఠి కోసం కాగితాలు తయారుచేసేవాళ్ళను నేను అడిగేది చిన్న విషయం: ఇంగ్లీషు వరుస ఉంచండి, దాని కిందే అదే స్వరాన్ని తెలుగు అక్షరాల్లో వేయండి. టైపు చేయడానికి ఫోను చాలు. ఐదు కృతుల్లో జగదానందకారక ఒక్కటే సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే. వాటిని పాడే తెలుగు పిల్లలకు సాహిత్యం దాకా రాకపోయినా పరవాలేదు, ముందు సా రీ గా దగ్గర వేలు పెట్టి చదవనివ్వండి. మా తరగతిలో తమిళ పాప ఒకతె ఇప్పటికే ఆ రెండో వరుస చూసి చదువుతోంది. దీర్ఘం ఎక్కడుందో ఇందులో తొందరగా తెలుస్తోందట.